చిత్రపటం అంచు ఎవరిది?

చిత్రకళను గురించిన చర్చలో రేఖకు, వర్ణానికి, రూపానికి లభించిన ప్రాధాన్యం అంచుకు లభించలేదు. చిత్రపటానికి నాలుగు అంచులు ఉండటం గుమ్మానికి ద్వారబంధం ఉండటమంత సహజమని ప్రేక్షకుడు భావిస్తాడు. చిత్రకారుడు ముందుగా చట్రాన్ని సిద్ధం చేసుకొని, దానిపై బట్టను బిగించి, ఆ హద్దులకు లోబడి చిత్రం వేస్తాడన్నది సాధారణ విశ్వాసం. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో కొందరు నైరూప్య చిత్రకారులు ఈ క్రమాన్ని తలకిందులు చేశారు. వారు ముందు చిత్రం వేశారు; హద్దులు తరువాత నిర్ణయించారు. ఆ నిర్ణయం కుంచెతో చేసినది కాదు, కత్తెరతో చేసినది. చిత్రరచనలో ఈ కత్తెర స్థానం ఏమిటి, దానిని చేత పట్టే అర్హత ఎవరిది అన్న ప్రశ్నలు కళావిమర్శకే పరిమితమైనవి కావు. అవి చిత్రశాలల నిర్వహణకూ, చట్టానికీ కూడా సంబంధించినవి.

పూర్తయిన చిత్రాన్ని కత్తిరించటం నైరూప్య కళతో మొదలైన పని కాదు. రెంబ్రాంట్ 1642లో పూర్తిచేసిన ‘రాత్రి కావలి’ చిత్రాన్ని 1715లో ఆమ్‌స్టర్‌డామ్ పురమందిరానికి తరలించినప్పుడు, అక్కడి గోడకు సరిపోవటం కోసం నాలుగు వైపులా కత్తిరించారు. ఎడమవైపు పోయిన భాగం ఎక్కువ. దాని ఫలితంగా, నడిమధ్యకు కాస్త కుడిగా నడిచి వస్తున్న దళనాయకుడు, అతని అనుచరుడు చిత్రానికి కేంద్రస్థానంలోకి వచ్చారు. దళమంతా కదులుతున్నదన్న భావన కొంత సన్నగిల్లింది. పోయిన భాగాలను పాత నకలు ఒకదాని ఆధారంతో కంప్యూటరు సహాయాన పునర్నిర్మించి 2021లో రైక్స్ మ్యూజియం ప్రదర్శించినప్పుడు, మూడు వందల ఏళ్ళుగా ప్రపంచం చూస్తున్నది రెంబ్రాంట్ కూర్పును యథాతథంగా కాదని సామాన్య ప్రేక్షకునికి సైతం తెలిసివచ్చింది.

ఎడ్వార్ మానే విషయం వేరు. 1864 నాటి పారిస్ సలోన్‌లో ఆయన ప్రదర్శించిన ఎద్దుల పోరాట చిత్రంలో కొలతలు కుదరలేదని విమర్శకులు పరిహసించారు. ఆయన ఆ చిత్రాన్ని తానే కత్తిరించి రెండు స్వతంత్ర చిత్రాలుగా మలిచాడు. వాటిలో ఒకటైన ‘మృత మల్లుడు’ నేడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో, మరొకటి న్యూయార్క్‌లోని ఫ్రిక్ సేకరణలో ఉన్నాయి. చుట్టూ ఉన్న కథ తొలగిపోగా మిగిలిన ఆ ఏకాకి దేహంలోని నిశ్చలత, మొదటి చిత్రంలో సాధ్యమయ్యేది కాదు. అయితే అదే మానే, మిత్రుడు డెగా తననూ తన భార్యనూ చిత్రించి ఇచ్చిన పటంలో భార్య రూపం నచ్చక ఆ భాగాన్ని కోసివేశాడు. అది చూసిన డెగా ఆగ్రహించి పటాన్ని వెనక్కు తీసుకుపోయాడు. లోపించిన చోట తిరిగి చిత్రించాలన్న తలంపుతో కొత్త బట్టను అతికించాడు గాని, పని పూర్తిచేయలేదు. ఆ పటం జపాన్‌లోని కితాక్యూషు పురపాలక చిత్రశాలలో ఇప్పటికీ ఆ ఖాళీతోనే ఉంది.

ఈ మూడు ఉదంతాలలోనూ కత్తెర ఒకటే. దానిని పట్టిన చెయ్యి వేరు, ఉద్దేశం వేరు. గోడ సౌకర్యం కోసం చేసినది నష్టం. కర్త తానే చేసినది పునఃసృష్టి. ఇతరుని చిత్రంపై తన అభిరుచిని రుద్దటం అతిక్రమణ. నైరూప్య చిత్రకళ రంగప్రవేశం చేసేవరకు ఈ మూడింటి మధ్య గీత స్పష్టంగానే ఉంది. ఆ గీతను చెరిపివేసింది ఒక కొత్త పద్ధతి.

జాక్సన్ పొలాక్ 1947 నుండి కాన్వాసును నేలపై పరచి, నాలుగు వైపుల నుండి రంగును చిలికిస్తూ, ధారలుగా వదులుతూ పనిచేయటం ప్రారంభించాడు. బట్ట గోడకు గాక నేలకు అంటి ఉన్నప్పుడు దానికి పై, కింద అన్న భేదం ఉండదు. ఎడమ కుడులు ఉండవు. నిలబెట్టిన చిత్రఫలకంపై పనిచేసేవాని ఎదుట ఎల్లవేళలా ఉండే నాలుగు హద్దులు, బట్ట చుట్టూ నడుస్తూ పనిచేసేవాని దృష్టి నుండి తొలగిపోతాయి. 1951లో వేసిన నల్లరంగు చిత్రాలలో పొలాక్ మరో అడుగు వేశాడు. పొడవైన నూలుబట్ట చుట్టను నేలపై విప్పుకొంటూ దానిపై వరుసగా చిత్రాలు వేసుకుపోయాడు. ఒక చిత్రం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో, ఏది అడుగు భాగమో తరువాత నిర్ణయించవలసి వచ్చేది. ఎక్కడ కోయాలన్న విషయమై ఆయన తనను సంప్రదించేవాడని, ఆ తర్జనభర్జన సుదీర్ఘంగా సాగేదని భార్య, స్వయంగా గొప్ప చిత్రకారిణి అయిన లీ క్రాస్నర్ తరువాతి కాలంలో వెల్లడించింది. రంగు చిలికించటంలో క్షణమాత్రం జంకని చెయ్యి కత్తెర ముందు తటపటాయించిందన్నమాట.

హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ ఈ పద్ధతికి కొత్త స్వభావాన్ని ఇచ్చింది. 1952 అక్టోబరులో, ఇరవై నాలుగేళ్ళయినా నిండని వయసులో, ఆమె ‘పర్వతాలు - సముద్రం’ అన్న చిత్రం వేసింది. దాని ఎత్తు సుమారు 220 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 298 సెంటీమీటర్లు. తైలవర్ణాలను టర్పెంటైనుతో నీళ్ళవలె పలుచన చేసి, ఏ పూతా లేని ముతక కాన్వాసుపై పోసింది. రంగు బట్టపై నిలవక బట్టలోకి ఇంకింది. మన కలంకారీ కళతో పోలిస్తే ఈ పద్ధతి విశేషం సులువుగా బోధపడుతుంది. శ్రీకాళహస్తి కళాకారుడు బట్టను ముందుగా కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతాడు. పాలలోని జిడ్డు వల్ల కలం నుండి జారిన రంగు అల్లుకుపోక గీసిన చోటనే నిలుస్తుంది. అక్కడ సాధన అంతా రంగును హద్దులో నిలపటానికే. ఫ్రాంకెన్‌థేలర్ ఆ హద్దును ఉద్దేశపూర్వకంగా తొలగించింది. రంగు ఎంత దూరం పాకుతుందో, ఏ అంచున ఆగుతుందో కొంతవరకే ఆమె చేతిలో ఉంది. మిగిలినది బట్ట నేతపైనా, ద్రవం పలుచదనంపైనా ఆధారపడింది.

ఇందువల్ల చిత్రకారునికి ఒక లాభమూ ఒక బాధ్యతా ఏకకాలంలో సంక్రమించాయి. అదృష్టం కలిసివస్తే చేతితో సాధించలేని సౌకుమార్యం ప్రాప్తిస్తుంది. రంగు చిత్రకారుని ఊహను మీరి ప్రవహించినప్పుడు మాత్రం, ఏది చిత్రం, ఏది కేవలం తడిసిన బట్ట అన్నది తేల్చవలసిన భారం చివరి దశపై పడుతుంది. అందుకే ఫ్రాంకెన్‌థేలర్ కాన్వాసును చట్రానికి ఎక్కించకుండా పనిచేసి, ఆరిన తరువాత అనేక సందర్భాలలో అంచులను కత్తిరించి చిత్ర పరిమాణాన్ని నిర్ణయించేది. ఒలికిన రంగులో నుండి కూర్పును వెలికితీసే పని కత్తెరకు సంక్రమించింది.

కత్తిరింపు చిత్రంలో తెచ్చే మార్పు కేవలం కొలతలకు సంబంధించినది కాదు. ఒక నీలి మరక చుట్టూ తెల్లని బట్ట మిగిలి ఉంటే, కన్ను దానిని ఒక వస్తువుగా గ్రహిస్తుంది. మరక ఆకృతి, తెలుపు దాని నేపథ్యం అవుతాయి. అదే మరకను అంచు మధ్యగా ఖండిస్తే అది వస్తువు కాకుండా పోయి, పటం వెలుపల కూడా కొనసాగుతున్న విస్తీర్ణంలోని భాగంగా తోస్తుంది. పై అంచున రెండు అంగుళాలు తగ్గిస్తే తేలుతున్న రంగు వేలాడుతున్నట్లు కనిపించవచ్చు. అడుగున రెండు అంగుళాలు తగ్గిస్తే అదే రంగు నేలకు ఆనినట్లు బరువెక్కవచ్చు. కళాశాలలలో విద్యార్థులు లంబకోణాకారంలో కోసిన రెండు అట్టముక్కలను చిత్రంపై జరుపుతూ మంచి కూర్పు కోసం వెతికే అభ్యాసం ఈ సూత్రం మీదనే ఆధారపడింది. నేడు ఫోనులో చిత్రం తీసి తెరపైనే అంచులు జరిపి చూసుకొనే సౌకర్యం ఏర్పడింది. అయితే ఒక భేదం మరువరానిది. ఛాయాచిత్రాన్ని ఎంత కత్తిరించినా మూలప్రతి చెక్కుచెదరదు. కాన్వాసుకు మూలప్రతి లేదు. అట్టముక్కలు అడిగేవి ప్రశ్నలు. కత్తెర ఇచ్చేది తీర్పు.

ఈ పద్ధతిపై ఒక బలమైన ఆక్షేపణ ఉంది. విశాలమైన బట్టపై రంగును యథేచ్ఛగా ఒలకబోసి, అందులో బాగున్న భాగాన్ని కోసి చూపేవాడు సృష్టికర్త ఎట్లా అవుతాడు, ఏరుకొనేవాడు మాత్రమే కదా అన్నది ఆ ఆక్షేపణ. దీనిని తేలికగా తోసిపుచ్చరాదు. బలహీనమైన నైరూప్య చిత్రాలలో అధికభాగం ఈ ఏరుకోవటం వద్దనే ఆగిపోతాయి. చిత్రంలో సమస్య తలెత్తినప్పుడు దానిని రంగుతో పరిష్కరించే శ్రమకు బదులు, ఆ భాగాన్నే కోసి పారవేయటం అలవాటైతే చెయ్యి ఎదగదు. ఇబ్బంది పెట్టే మూలలు పోయి, మధ్యలోని రమ్యత మిగులుతుంది. అట్టి చిత్రాలన్నీ ఒకదానినొకటి పోలి ఉంటాయి. కత్తిరింపు సార్థకమైనదా కాదా అనటానికి ఒక గీటురాయి ఉంది. కోసిన తరువాత వేసిన తదుపరి చిత్రం ఆ కోతనుండి ఏమైనా నేర్చుకొన్నదా అన్నదే అది. ఫ్రాంకెన్‌థేలర్ చిత్రాలలో ఖాళీ బట్ట క్రమంగా చిత్రభాగంగా మారిన తీరు, అంచు ఆమెకు గురువైనదనటానికి సాక్ష్యం.

లీ క్రాస్నర్ ఈ ఆక్షేపణకు తన పనితోనే మరింత కఠినమైన సమాధానం చెప్పింది. ఆమె 1950ల తొలి సంవత్సరాలలో తృప్తినివ్వని తన చిత్రాలను చించి, కోసి, ఆ ముక్కలతో కొత్త కూర్పులు నిర్మించింది. అమ్ముడుపోని పాత కాన్వాసులే కొన్నింటికి ఆధారఫలకాలు అయ్యాయి. పొలాక్ పనికిరావని పక్కన పెట్టిన బట్టముక్కలు కూడా వాటిలో చేరాయి. 1955లో ప్రదర్శితమైన ఆ కూర్పులలో కత్తిరింపు అందాన్ని ఏరుకొనే ఉపాయం కాదు. తన గతాన్ని తానే విచారించి శిక్షించి, మిగిలిన దానితో తిరిగి నిలబడే ఆత్మవిమర్శ. ఇరవై ఏళ్ళ తరువాత విద్యార్థి దశ నాటి బొగ్గుగీతల చిత్రాలు బయటపడినప్పుడు కూడా ఆమె వాటిని భద్రపరచక, కోసి కొత్త చిత్రాలుగా మలిచింది. తన పనిని నరికే హక్కు కర్తకు ఎంతవరకు ఉంటుందంటే, చివరి ముక్కవరకు ఉంటుందని ఆమె జీవితం నిరూపించింది.

మరి కర్త లేనప్పుడు? మారిస్ లూయిస్ ఉదంతం ఈ ప్రశ్నను అతి తీవ్రంగా ముందుకు తెస్తుంది. 1953 ఏప్రిల్‌లో విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ వెంట ఫ్రాంకెన్‌థేలర్ చిత్రశాలకు వెళ్ళిన ఇద్దరు చిత్రకారులలో లూయిస్ ఒకడు. రెండవవాడు కెనెత్ నోలండ్. ‘పర్వతాలు - సముద్రం’ చూసి వచ్చిన తరువాత లూయిస్ కళ దిశ మారింది. వాషింగ్టన్‌లోని తన ఇంట్లో, సుమారు 12 అడుగుల వెడల్పు 14 అడుగుల పొడవు గల భోజనాల గదిలో, ఎవరినీ చూడనీయకుండా ఆయన పనిచేశాడు. 1960-61లలో వేసిన చిత్రశ్రేణిలో రంగుల వాగులు ఇరుపక్కల నుండి వాలుగా జారివస్తాయి. మధ్యలో విశాలమైన తెల్లని శూన్యం ఉంటుంది. ఈ శ్రేణికి చెందిన ‘ఆల్ఫా-పై’ వెడల్పు సుమారు 450 సెంటీమీటర్లు, అనగా పద్నాలుగున్నర అడుగులకు పైమాట. దానిని వేసిన గదిలో దానిని పూర్తిగా పరచి చూడటమే సాధ్యం కాదు. లూయిస్ చిత్రాలను ఆరబెట్టి, చుట్టి, పక్కన పెట్టేవాడు.

1962 సెప్టెంబరులో, యాభై ఏళ్ళయినా నిండకుండానే లూయిస్ మరణించాడు. చట్రానికి ఎక్కని వందలాది చిత్రాలు చుట్టలుగా మిగిలిపోయాయి. వాటిని ప్రదర్శనకు సిద్ధం చేయటంలో ఆయన వారసులకు గ్రీన్‌బర్గ్ సలహాదారుగా వ్యవహరించాడు. ఏ చిత్రం ఏ దిశలో వేలాడాలి, చుట్టూ తెలుపు ఎంత ఉంచాలి అన్న నిర్ణయాలు అనేక సందర్భాలలో ఆ విధంగా జరిగాయి. అనేక చిత్రాలకు పేర్లు కూడా మరణానంతరమే, హీబ్రూ, గ్రీకు అక్షరమాలల నుండి వచ్చాయి. నేడు చిత్రశాలలలో ప్రేక్షకుని ఆకట్టుకొనే ఆ మధ్య శూన్యం, ఇరుపక్కల ఉన్న రంగులతో ఒక నిష్పత్తిలో నిలిచి ఉంటుంది. ఆ నిష్పత్తి అంచుపై ఆధారపడుతుంది. అంచును నిర్ణయించినవాడు లూయిస్ కాకపోతే, ఆ చిత్రంలో కొంత భాగానికైనా మరొక కర్త ఉన్నట్లే.

గ్రీన్‌బర్గ్ అభిరుచి గొప్పది. లూయిస్ ప్రతిభను మొదట గుర్తించినవారిలో ఆయన ఒకడు. లూయిస్ సైతం ఆయన అభిప్రాయాన్ని గౌరవించాడు. ఎవరో ఒకరు నిర్ణయించకపోతే ఆ చుట్టలు చీకటిలోనే ఉండిపోయేవన్నదీ నిజమే. అయినప్పటికీ విమర్శకుడు చేయవలసినది కర్త చేసిన దానిని గురించి చెప్పటం. కర్త వదిలివేసిన దానిని తానే పూర్తిచేసి, ఆపై దానిని కర్త సాధనగా ప్రశంసించటంలో న్యాయమూర్తే కక్షిదారు అయిన దోషం ఉంది. శిల్పి డేవిడ్ స్మిత్ విషయంలో ఈ దోషం మరింత స్పష్టమైంది. తన శిల్పం ఒకదానిపై రంగును ఎవరో తొలగించారని తెలిసి 1960లో స్మిత్ ఆ శిల్పాన్ని తనది కాదని బహిరంగంగా ప్రకటించాడు. 1965లో ఆయన మరణించిన తరువాత, గ్రీన్‌బర్గ్ కూడా ఒకడుగా గల నిర్వాహకుల ఆధీనంలో ఉన్న కొన్ని శిల్పాల నుండి రంగు తొలగించబడింది. 1974లో రోజలిండ్ క్రాస్ ఈ విషయాన్ని సచిత్రంగా బయటపెట్టినప్పుడు కళాలోకంలో పెద్ద వివాదం చెలరేగింది. రంగు తొలగించటమైనా, అంచు కోయటమైనా వెనుక ఉన్న విశ్వాసం ఒకటే. కర్త కంటే తనకు బాగా తెలుసునన్న నమ్మకమే అది.

భారతీయ నైరూప్య కళలో వాసుదేవ్ గాయతోండే మార్గం ఈ సందర్భంలో ఆలోచించదగినది. 1924లో జన్మించి 2001లో మరణించిన గాయతోండే తన కళను నైరూప్యమని గాక, వస్తురహితమని పిలవటానికి ఇష్టపడ్డాడు. 1964లో రాక్‌ఫెల్లర్ సహాయంతో న్యూయార్క్ వెళ్ళి అక్కడి చిత్రకళను స్వయంగా చూసి వచ్చాడు. అయినా ఆయన అంచును చివరి నిర్ణయానికి వదలలేదు. రోలరుతోనూ, రంగు కత్తితోనూ పొరపై పొరగా వర్ణాన్ని పరచి, తిరిగి గీకి తీసివేస్తూ, చింపిన కాగితపు ముక్కలతో రంగును అద్దుతూ పనిచేశాడు. అక్కడ కూడా అదృష్టానికి తావుంది, తొలగింపుకు తావుంది. అయితే తొలగింపు పటం లోపలే జరిగింది. పటం హద్దు మొదటినుండి ఉన్నదే. దానిలో వెలుగు ఎక్కడ నిలవాలన్నదే సమస్య. ఏడాదికి కొద్ది చిత్రాలు మాత్రమే పూర్తిచేసిన ఆయన నెమ్మదికి కారణం ఇదే కావచ్చు. ఫ్రాంకెన్‌థేలర్ కత్తెరతో ఒక్కసారిగా చేసిన నిర్ణయాన్ని గాయతోండే నెలల తరబడి పొరలలో పంచుకొన్నాడు. ఏది ఉత్తమం అన్న ప్రశ్న అనవసరం. రెండింటిలోనూ చివరి మాట కర్తదే కావటం ముఖ్యం.

ఈ చర్చ మన ప్రభుత్వ కార్యాలయాల గోడలకు దూరమైనది కాదు. అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం నిర్మించి 1962లో పూర్తిచేసిన విశాలమైన కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో గోడ నుండి తొలగించి గిడ్డంగికి తరలించారు. ఆ క్రమంలో అది దెబ్బతిన్నది, కొన్ని భాగాలు పోయాయి. శిల్పి న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను, కృతిని అమ్మివేసిన తరువాత సైతం, తన ప్రతిష్ఠకు భంగం కలిగేవిధంగా దానిని వికృతం చేయటాన్ని, ఛిద్రం చేయటాన్ని ఎదిరించే హక్కును కర్తకు ఇస్తుంది. 2005 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు సెహగల్‌కు అనుకూలంగా తీర్పు చెప్పి, అవశేషాలను ఆయనకు అప్పగించాలని, అయిదు లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. వస్తువుకు యజమాని కావటం వేరు, కృతికి కర్త కావటం వేరు అన్న సత్యం ఆ తీర్పుతో మన న్యాయచరిత్రలో స్థిరపడింది.

ఆ సత్యం చిత్రశాలల నిత్యవ్యవహారంలోకి రావటానికి పెద్ద వ్యయం అవసరం లేదు. చట్రానికి ఎక్కని చిత్రం చేతికి వచ్చినప్పుడు, ఏ నిర్ణయానికైనా ముందు దానిని అంచులతో సహా ఛాయాచిత్రం తీయాలి. కర్త జీవించి ఉంటే పై భాగం ఏదో, హద్దు ఎంతవరకో లిఖితపూర్వకంగా అడిగి తీసుకోవాలి. కర్త లేనప్పుడు బట్టను కోయక, వెనుకకు మడిచి చట్రానికి బిగించాలి. మడిచినది విప్పవచ్చు, కోసినది అతకదు. ఆ మడతను ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో నిర్ణయించారన్నది పట్టికలో నమోదు కావాలి. ప్రేక్షకునికి కనిపించే పేరుపలకపై కూడా ఆ విషయం ఒక్క పంక్తిలో ఉండటం మంచిది. శాసనంలో అక్షరాలు రాలిపోయిన చోట చరిత్రకారుడు తన ఊహను పూరించినప్పుడు ఆ పూరణను కుండలీకరణాలలో చూపుతాడు. చిత్రపటానికి ఆ పాటి మర్యాద దక్కటం న్యాయం.

రంగు తనంతట తాను పాకేందుకు వదిలిన చిత్రకారులు, తమ కళలో తమకంటూ అట్టిపెట్టుకొన్న అధికారం ఒక్కటే, ఎక్కడ ఆపాలో చెప్పటం. అందువల్లనే పొలాక్ కత్తెర ముందు తటపటాయించాడు, క్రాస్నర్ దానిని తనపైనే ప్రయోగించుకొంది. లూయిస్ చుట్టి పక్కన పెట్టిన బట్టలలో ఆ చివరి మాట చెప్పకుండానే మిగిలిపోయింది. దానిని ఆయన తరఫున ఇతరులు చెప్పినప్పుడు, చెప్పినది తామేనని ఒప్పుకోవటం వారి కనీస ధర్మం.